ఎడమ బ్యాక్ దొరకని జట్టు

ప్రశ్న: మా వీధి గ్రంథాలయంలో సాయంత్రం పూట కూడే ఏడుగురం కలిసి, ఆఫ్రికా ఖండపు ఫుట్‌బాల్ ఆటగాళ్లలో అన్ని కాలాలవారినీ కలుపుకొని పదకొండు మందితో ఒక మేటి జట్టు కూర్చాలని నెల రోజులుగా తంటాలు పడుతున్నాము. ఒకరి జట్టులో యుసేబియో, జిదాన్ ఉన్నారు. అది కుదరదని మరొకరు అంటారు. ఏ నియమం పెట్టుకుంటే ఈ తగవు తీరుతుంది? మీరైతే ఎవరిని ఎంచుతారు? మా ఏడు జాబితాలనూ ఈ ఉత్తరంతో జతపరిచాను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, ఏడు జాబితాలనూ పక్కపక్కన పరచుకొని చూశాను. జార్జ్ వేయా, శామ్యూల్ ఎటో, దిదియె ద్రోగ్బా, మొహమ్మద్ సలా అన్నింటిలోనూ ఉన్నారు. ఎడమ బ్యాక్, అంటే వెనుక వరుసలో ఎడమవైపు కాపు కాసేవాడు మాత్రం మూడింటిలో అసలు లేడు, రెండింటిలో ఆ చోట ఖాళీ గీత గీసి ఉంది, మిగిలిన రెండింటిలో కుడివైపు ఆడేవాణ్ణి ఎడమవైపుకు నెట్టారు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరని మన పెద్దలు ఊరికే అనలేదు. మీ తగవు నిజానికి యుసేబియో దగ్గర లేదు, ఆ ఖాళీ గీత దగ్గర ఉంది. అయినా మీరు అడిగిన వరుసలోనే వెళ్తాను.

నియమం ఒకటే పెట్టుకుందాం: ఆఫ్రికా దేశపు జాతీయ జట్టుకు ఆడినవాడే మన జట్టుకు అర్హుడు. పుట్టిన ఊరును కొలతగా తీసుకుంటే అక్రాలో పుట్టి ఫ్రాన్స్‌కు ఆడిన మార్సెల్ డెసాయీ లోపలికి వస్తాడు, మాడ్రిడ్‌లో పుట్టి మొరాకోకు ఆడుతున్న అష్రఫ్ హకీమి బయటికి పోతాడు. పుట్టిన చోటు ఎంత బలహీనమైన కొలతో మీ ఊరివారికి నేను విప్పి చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చి చేరింది. అంతకు ముందు మీ వీధిలో పుట్టినవారి ఇల్లు కదలలేదు, గీత కదిలింది. జిదాన్ తల్లిదండ్రులు అల్జీరియావారే అయినా ఆయన పుట్టింది మార్సెయ్‌లో, ఆడింది ఫ్రాన్స్‌కు. కాబట్టి ఆయన విషయంలో రెండో మాట లేదు.

యుసేబియో సంగతి అంత తేలిక కాదు. ఆయన 1942లో నేటి మపూటో నగరంలో పుట్టాడు. 1965లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకొని, 1966 ప్రపంచ కప్‌లో పోర్చుగల్ తరఫున 9 గోల్స్ కొట్టి అందరికన్నా ముందు నిలిచాడు. ఆయన పుట్టిన మొజాంబిక్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1975లో. అప్పటికి ఆయన అంతర్జాతీయ ఆట ముగిసిపోయింది. తన సొంత దేశానికి ఆడాలా, పోర్చుగల్‌కు ఆడాలా అని ఎంచుకునే అవకాశమే ఆయనకు రాలేదు, ఎందుకంటే ఆడడానికి సొంత దేశపు జట్టు లేదు. నియమం ప్రకారం పక్కన పెడుతున్నాను, కానీ పెట్టేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగిందని ఒప్పుకుంటాను.

బిరుదులను బట్టి తూచడంలోనూ ఒక చిక్కు ఉంది. మీ జాబితాల్లో ఒకరు బాలన్ డోర్ గెలిచినవారికి పది మార్కులు వేశారు. ఐరోపాలో ఆడుతున్న ఇతర ఖండాల వారికి ఆ బహుమతి తలుపు తెరిచింది 1995లోనే. తెరిచిన ఏడాదే లైబీరియాకు చెందిన జార్జ్ వేయా దాన్ని గెలుచుకున్నాడు, ఆ తరువాత మరో ఆఫ్రికా దేశపు ఆటగాడికి అది దక్కలేదు. అంతకు ముందువారికి పోటీలోనే చోటు లేనప్పుడు వారికి సున్నా వేయడం పరీక్షకు రానివ్వని పిల్లవాణ్ణి ఫెయిల్ చేయడం వంటిది; ఉపాధ్యాయులు కాబట్టి మీకు ఇది నచ్చదనుకుంటాను.

ఇక జట్టు. వెనుక నలుగురు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు అనే అమరికలో ఎంచుతున్నాను.

గోల్‌కీపర్‌గా కామెరూన్‌కు చెందిన తొమాస్ ఎన్కోనో. 1982 ప్రపంచ కప్‌లో పెరూ, పోలెండ్, ఇటలీ జట్లతో ఆడిన మూడు మ్యాచ్‌లలో ఆయన వదిలిన గోల్ ఒక్కటి. ఆ ఇటలీయే చివరకు కప్పు గెలిచింది. 1990లో ఆయన ఆట టీవీలో చూసిన ఇటలీ కుర్రాడొకడు గోల్‌కీపర్ కావాలని నిశ్చయించుకొని, పెద్దయ్యాక తన కొడుక్కి ఆయన పేరు కలిపి పెట్టుకున్నాడు. ఆ కుర్రాడే జాన్‌లుయీజీ బుఫాన్. మీ జాబితాల్లో మూడింటిలో ఉన్న ఈజిప్టు గోల్‌కీపర్ ఎసామ్ ఎల్ హదరీని తక్కువ చేయడం లేదు. నాలుగు ఆఫ్రికా కప్పులు గెలిచి, 2018లో 45 ఏళ్ల వయసున ప్రపంచ కప్ మ్యాచ్ ఆడి, అందులో సౌదీ అరేబియా కొట్టిన ఒక పెనాల్టీని ఆపినవాడికి బెంచీ మీద మొదటి కుర్చీ ఇవ్వవలసిందే.

కుడి బ్యాక్ హకీమి. 2022 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌పై పెనాల్టీల పోటీ వచ్చినప్పుడు చివరి బంతిని గోలు నడుమకు మెల్లగా ఎగరేసి మొరాకోను క్వార్టర్ ఫైనల్‌కు చేర్చిన ధైర్యం ఒక్కటే కాదు. ఐరోపా క్లబ్బుల మేటి పోటీ అయిన చాంపియన్స్ లీగ్ 2025 ఫైనల్‌లో ఇంటర్ మిలాన్ మీద మొదటి గోల్ కొట్టింది పారిస్ జట్టులో ఈ కుడి బ్యాకే. వెనుక వరుస నడుమ ఘనాకు చెందిన శామ్యూల్ కుఫూర్, దక్షిణాఫ్రికాకు చెందిన లూకాస్ రదేబే. 1999 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఆఖరి క్షణాల్లో మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్ కొట్టేసరికి, నేలను పిడికిళ్లతో గుద్దుకుంటూ ఏడ్చిన జర్మనీ క్లబ్బు బయర్న్ ఆటగాడు కుఫూర్. రెండేళ్లకు అదే కప్పు గెలిచి, ఆ ఏడాది టోక్యోలో బోకా జూనియర్స్ మీద ప్రపంచ క్లబ్ పోటీని నిర్ణయించిన ఏకైక గోల్ కూడా అతడే కొట్టాడు. రదేబే 1996లో ఆఫ్రికా కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అదే ఏడాది ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్ తరఫున మాంచెస్టర్ యునైటెడ్ మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడుతుండగా తమ గోల్‌కీపర్‌కు రెడ్ కార్డు పడితే, తానే చేతి తొడుగులు వేసుకొని నిలబడి ఒక్క గోలే ఇచ్చాడు. ఎన్కోనో, హదరీ ఇద్దరికీ జ్వరం వచ్చినా మనకు దిగులు లేదన్నమాట.

ఇప్పుడు ఆ ఖాళీ గీత. ఎడమకాలి వాటం ఉన్న బ్యాక్ ఎంత విలువైనవాడో నాకు తెలిసింది టీవీలో కాదు, గుణుపురం అవతల కోతలైన మడిలో. సంక్రాంతి రోజుల్లో వరి దుబ్బులు చెక్కి, వెదురు గడలతో గోలు పాతి, గెలిచిన జట్టుకు మేకపోతు అని చాటించి పోటీలు పెట్టేవారు. ఒక సవర కుర్రాడు ఎడమ అంచున ఆడేవాడు. ఎవరో ఇచ్చిన బూట్లు ఇరుకైతే ముందు భాగం కత్తితో కోసి వేళ్లు బయటికి వదిలేశాడు. ఆ వేళ్లతోనే బంతిని గీతకు జానెడు ఇవతల ఆపి, కాలు మార్చుకోకుండా ముందుకు పంపేవాడు. మా వైపు అదే చోట ఆడిన కుడికాలి వాటం వాడు ప్రతిసారీ ఆగి, లోపలికి తిరిగి, అప్పుడు తన్నవలసి వచ్చేది. ఆ రెండు క్షణాల్లో ఎదుటివాడు మీదికి వచ్చేసేవాడు. ఆ కుర్రాణ్ణి ఒక్క పండుగలో మూడు ఊళ్ల జట్లు అడిగి తీసుకువెళ్లాయి. గోల్స్ కొట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉండేవారు, వాళ్లను ఎవరూ అడగలేదు.

ఖండం మొత్తానికీ అదే కథ. అందుకే నైజీరియాకు చెందిన సెలెస్టీన్ బాబయారోను ఎంచుతున్నాను. మీ ఏడు జాబితాల్లో ఆ పేరు ఎక్కడా లేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్‌లో నైజీరియా అర్జెంటీనాను 3–2తో ఓడించి బంగారు పతకం గెలిచినప్పుడు, నైజీరియా మొదటి గోల్ తలతో కొట్టినవాడు 17 ఏళ్ల బాబయారో. ఆ మరుసటి ఏడాది లండన్ క్లబ్బు చెల్సీకి వెళ్లి అక్కడ చాలా ఏళ్లు ఆడాడు. వేయాతో పోలిస్తే చిన్న పేరే. కానీ వేయా ఎడమ బ్యాక్‌గా ఆడడు కదా.

నడుమ ముగ్గురిలో వెనుక నిలిచేది ఘనాకు చెందిన మైఖేల్ ఎస్సియెన్. 2005లో లియోన్ నుంచి చెల్సీకి వచ్చిన ఇతడు అవసరమైతే కుడి బ్యాక్‌గానూ, నడుమ బ్యాక్‌గానూ ఆడగలడు. పక్కన ఐవరీ కోస్ట్‌కు చెందిన యాయా తూరే: 2011 నుంచి 2014 వరకు వరుసగా నాలుగేళ్లు ఆఫ్రికా ఉత్తమ ఆటగాడు, 2013–14లో నడుమ ఆడుతూనే ఇంగ్లిష్ లీగ్‌లో 20 గోల్స్, 2015లో కెప్టెన్‌గా ఆఫ్రికా కప్పు. వీరిద్దరి ముందు ఘనాకు చెందిన అబేదీ పెలే. ఫ్రాన్స్ క్లబ్బుల్లో చాంపియన్స్ లీగ్‌ను మొట్టమొదట గెలిచిన మార్సెయ్ జట్టుకు 1993 ఫైనల్‌లో దక్కిన ఏకైక గోల్ ఆయన తన్నిన కార్నర్ నుంచే వచ్చింది. ఫార్వర్డుల సంగతి కింది ఉత్తరంతో కలిపి చెబుతాను, ఎందుకంటే ఆ ఉత్తరం రాసినవారి ఇంట్లో పరిస్థితి మీ గ్రంథాలయం కన్నా తీవ్రంగా ఉన్నట్టు తోస్తున్నది.

ప్రశ్న: ఎటో గొప్పవాడని మావారు, ద్రోగ్బా గొప్పవాడని మా అబ్బాయి రోజూ అన్నం దగ్గర వాదించుకుంటున్నారు. ఇద్దరిలో ఒక్కరికే చోటు ఉంటే ఎవరికివ్వాలి? మీరు ఏది రాస్తే అదే ఖాయమని ఇద్దరూ ఒప్పుకున్నారు.
– ఒక గృహిణి, గుణుపురం

జవాబు: అమ్మా, ఇంత బరువైన తీర్పు నా నెత్తిన పెట్టారు కాబట్టి సాక్ష్యాలు చూసే చెబుతాను.

మీ అబ్బాయి తరఫున చెప్పవలసింది చాలా ఉంది. ద్రోగ్బా ఐవరీ కోస్ట్ తరఫున 65 గోల్స్ కొట్టాడు. 2012 మే నెలలో మ్యూనిక్‌లో, బయర్న్ సొంత మైదానంలో, చాంపియన్స్ లీగ్ ఫైనల్ చేజారిపోతున్న 88వ నిమిషంలో కార్నర్ బంతిని తలతో కొట్టి చెల్సీని నిలబెట్టాడు, చివరి పెనాల్టీ కూడా తానే కొట్టి కప్పు గెలిపించాడు. 2005లో తన దేశం తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత పొందిన రోజున, అంతర్యుద్ధంలో ఉన్న స్వదేశీయులు ఆయుధాలు దింపాలని సహచరులతో కలిసి మోకాళ్ల మీద కూర్చొని టీవీ కెమెరా ముందు వేడుకున్నాడు. అది ఆట లెక్కలో రాదు. వచ్చి ఉంటే ఈ జవాబు ఇక్కడితో ముగిసేది.

ఎటో లెక్క వేరు. ఆఫ్రికా కప్ చరిత్రలో 18 గోల్స్‌తో మొదటి స్థానం అతడిది. కామెరూన్‌తో 2000 ఒలింపిక్ బంగారం, 2000లోనూ 2002లోనూ ఆఫ్రికా కప్పులు. చాంపియన్స్ లీగ్ మూడుసార్లు గెలిచాడు, అందులో 2006, 2009 ఫైనల్స్‌లో బార్సిలోనా తరఫున గోల్స్ కొట్టాడు. ద్రోగ్బా మాత్రం 2006, 2012 ఆఫ్రికా కప్ ఫైనల్స్ రెండింటిలోనూ పెనాల్టీలు తప్పి ఓడిపోయాడు. 2015లో అతడి దేశం గెలిచేనాటికి అతడు జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు.

ఇవేవీ లేకపోయినా నేను ఎటోనే ఎంచేవాణ్ణి. కారణం 2010లో ఇంటర్ మిలాన్‌లో అతడు చేసిన పని. అప్పటికి ప్రపంచంలోని గొప్ప సెంటర్ ఫార్వర్డుల్లో ఒకడైన మనిషి, కోచ్ అడిగాడని అంచుకు వెళ్లి ఆడాడు. చాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనాతో సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో తమ జట్టు పదిమందికి తగ్గిపోయినప్పుడు రక్షణ వరుస దాకా దిగివచ్చి బ్యాక్‌లా కాపు కాశాడు. నా జట్టులో ఎడమ అంచున, బాబయారోకు ముందు, నాకు కావలసింది సరిగ్గా అలాంటివాడు.

మధ్యలో వేయా. 1996 సెప్టెంబరులో మిలాన్ తరఫున వెరోనాతో ఆడుతూ, ఎదుటివారి కార్నర్ బంతి తన గోలు ముందర చిక్కితే అక్కడి నుంచి మైదానం పొడవునా పరుగెత్తుకెళ్లి కొట్టిన గోల్ మీ అబ్బాయికి ఇప్పటికీ దొరుకుతుంది, చూపించండి. ఆయన దేశం లైబీరియా ఒక్కసారి కూడా ప్రపంచ కప్ ఆడలేదు; ఆయన మాత్రం 2018 నుంచి 2024 వరకు ఆ దేశానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. కుడి అంచున సలా. ఇంగ్లిష్ లీగ్‌లో 2017–18లో 32 గోల్స్‌తో మొదలుపెట్టి నాలుగు సీజన్లలో అత్యధిక గోల్స్ వీరుల్లో నిలిచాడు. ఆఫ్రికా కప్ ఫైనల్స్‌లో రెండుసార్లు ఓడిపోయి, ఆ కప్పు ఒక్కసారీ గెలవలేదన్నది అతడికి ఉన్న లోటు. ఎటోకు లేని ఆ లోటు కారణంగానే ఇద్దరిలో ఎటోను నేను ఒక మెట్టు పైన ఉంచుతాను.

ద్రోగ్బా బెంచీ మీద ఉంటాడు, 70వ నిమిషంలో దిగుతాడు. మీవారు గెలిచారు, కానీ మీ అబ్బాయి ఓడలేదని అన్నం వడ్డించేటప్పుడు చెప్పండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పెద్దవాళ్లు చేసే జట్లలో పాత పేర్లే ఎక్కువ ఉంటాయి. మేము చూడని వారిని మేమెలా నమ్మాలి? పాతవారిని ఉంచాలంటే కనీసం జేజే ఒకోచాను ఉంచాలి కదా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: తమ్ముడూ, నీ అనుమానం న్యాయమైనదే. నేను ఎంచిన పదకొండు మందిలో 1970కి ముందు ఆడినవాడు ఒక్కడూ లేడు, దానికి కారణం వారి ఆట తక్కువ కావడం కాదు. ఆఫ్రికా కప్ 1957లో ఖార్టూమ్‌లో ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా అనే మూడు జట్లతో మొదలైంది. నల్లవారినీ తెల్లవారినీ కలిపిన జట్టును పంపడానికి ఒప్పుకోని దక్షిణాఫ్రికాను పోటీ నుంచి తప్పించారు. ఫైనల్‌లో ఈజిప్టు 4–0తో గెలిస్తే నాలుగు గోల్సూ అద్ దీబా ఒక్కడే కొట్టాడు. ఆ పేరు నువ్వెప్పుడైనా విన్నావా? 1970లో మొట్టమొదటి ఆఫ్రికా ఉత్తమ ఆటగాడైన మాలి దేశస్థుడు సాలిఫ్ కేతా ఫ్రాన్స్‌కు చేరిన తీరు చూడు: పారిస్‌లో విమానం దిగితే తనను తీసుకువెళ్లడానికి ఎవరూ కనిపించలేదు, సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని సెంట్ ఎతియెన్‌కు టాక్సీ కట్టించుకొని వెళ్లిపోయాడు, బాడుగ క్లబ్బు చెల్లించుకుంది. అలాంటివారి ఆటను కొన్ని నిమిషాల బొమ్మలతో తూచలేక బయట ఉంచాను.

నేను కళ్లారా చూసినవాటిలో ఒకటి చెబుతాను. 1990 జూన్‌లో మా పక్కింటి నలుపు తెలుపు టీవీలో కామెరూన్, కొలంబియా మ్యాచ్ వస్తున్నది. పెంకుటింటి మీద ఒకడు ఏంటెన్నా పట్టుకొని నిలుచున్నాడు. బొమ్మ చెదిరినప్పుడల్లా కిందినుంచి అందరూ ఒకేసారి అరిచేవారు. 38 ఏళ్ల రోజర్ మిల్లా నడిమిలో దిగి, అదనపు సమయంలో ఒక గోల్ కొట్టాడు. కాసేపటికి, గోలు వదిలి ముందుకొచ్చి బంతితో ఆటలాడుతున్న కొలంబియా కీపర్ ఇగీతా కాళ్ల దగ్గరి నుంచి దాన్ని లాగేసుకొని రెండోది కొట్టి, కార్నర్ జెండా దగ్గరికెళ్లి నడుము తిప్పుతూ నాట్యమాడాడు. పైన ఉన్నవాడు ఏమైందని అడుగుతూ ఏంటెన్నా వదిలేశాడు, ఆ నాట్యం సగమే చూశాము. ఆ ప్రపంచ కప్‌లో మిల్లా కొట్టిన నాలుగు గోల్సూ సబ్‌గా దిగి కొట్టినవే. అందుకే అతడిని మొదటి పదకొండులో పెట్టడం అతడికే అన్యాయం.

ఒకోచా విషయంలో నాకు కష్టంగానే ఉంది. 1993లో జర్మనీలో, గోలు ముందర కీపర్ ఆలివర్ కాన్‌ను, అడ్డొచ్చిన బ్యాక్‌లను బంతితో ఇటూ అటూ తిప్పి తిప్పి చివరకు కొట్టిన గోల్ ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 1994 ఆఫ్రికా కప్, 1996 ఒలింపిక్ బంగారం ఉన్నా ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి బహుమతి అతడికి ఒక్కసారీ రాకపోవడం ఆ బహుమతికే చిన్నతనం. కానీ తూరేను, అబేదీనీ కలిపి ఉంచి ఒకోచాను కూడా దింపితే, బంతి పోయినప్పుడు వెనక్కి పరుగెత్తేది ఎస్సియెన్ ఒక్కడే అవుతాడు. అబేదీనా, ఒకోచానా అన్న చోట నేను అబేదీ వైపు మొగ్గాను. నువ్వు ఒకోచా వైపు మొగ్గితే నీతో పోట్లాడను. ఎస్సియెన్‌ను తీసేస్తానంటే మాత్రం పోట్లాడతాను.

ప్రశ్న: మన దేశంలో ఆడిన ఆఫ్రికా ఆటగాళ్లలో ఎవరికైనా ఈ జట్టులో చోటు దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, బ్రహ్మపురం

జవాబు: దొరకదు. అయితే 2021–22లో హైదరాబాద్ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు 18 గోల్స్‌తో అందరికన్నా ముందున్న బార్తొలొమ్యూ ఒగ్బెచే 2002 ప్రపంచ కప్‌కు వెళ్లిన నైజీరియా జట్టువాడు, కాబట్టి ఆ స్థాయి ఆటను తెలుగువారు దగ్గరినుంచే చూశారు. మీరు భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియానికి వెళ్లి ఉంటే ఒడిశా జట్టుకు ఆడిన సెనెగల్ బ్యాక్ ముర్తదా ఫాల్‌ను కూడా చూసే ఉంటారు. కార్నర్ పడితే చాలు, అతడు ఎదుటి గోలు ముందర ఉండేవాడు.

ప్రశ్న: ఇంతమంది మేటి ఆటగాళ్లను అదుపులో పెట్టే కోచ్ ఎవరు?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఈజిప్టుకు 2006, 2008, 2010లలో వరుసగా మూడు ఆఫ్రికా కప్పులు గెలిపించిన హసన్ షహాతా. 2006 సెమీఫైనల్‌లో సెనెగల్‌తో ఆట సమంగా ఉండగా తన పేరుమోసిన ఫార్వర్డ్ మీదోను బయటికి పిలిచాడు. మీదో గీత దగ్గర నిలబడి అందరి ముందూ ఆయనతో గొడవకు దిగాడు. ఆ గొడవ ఇంకా చల్లారకముందే, అతడి చోట దిగిన అమ్ర్ జకీ తలతో గోల్ కొట్టాడు, ఈజిప్టు 2–1తో గెలిచింది. ద్రోగ్బాను 70వ నిమిషం దాకా బెంచీ మీద కూర్చోబెట్టడానికి నాకు ఆయనే కావాలి.